వింటితాడు మీద కుంకుమ

మా కోడలు కొత్తగా కొన్న బట్టలుతికే యంత్రానికి కొబ్బరికాయ కొట్టి, మూతకు అడ్డంగా కుంకుమ బొట్లు పెట్టింది. దానికి నాకేమీ అభ్యంతరం లేదు. యంత్రమైనా సరే, ఇంట్లో అడుగుపెట్టిన రోజున ఇంత మర్యాద జరగడం మంచిదే. నేను ఈ ఫ్లాటులోకి వచ్చిననాడు నాకు అదీ జరగలేదు. నా ఫిర్యాదల్లా, ఆ బొట్లలో ఒకటి మొదటి ఉతుకులోనే లోపలికి దిగి నా తెల్ల లాల్చీ వీపు మీద తేలడం గురించి. తొడుక్కుని బయటికి వెళ్తే, ఎవరో వెనకనుంచి పొడిచినా పట్టించుకోకుండా కూరగాయలకు బయల్దేరిన మనిషిలా ఉన్నాను. సబ్బుకు పోలేదు, నిమ్మకాయకు పోలేదు. "పోనీలెండి మామయ్యా, దేవుడి బొట్టే కదా" అంది కోడలు. నిజమే. దేవుడి బొట్టును ఎక్కడెక్కడ చెరపకూడదో నాకు కాలేజీ రోజుల్లోనే కొంత తెలిసింది.

లాల్చీ సంగతి సద్దుమణగకముందే దసరా వచ్చింది. మా మనవరాలు మేఘన తన విల్లును ఇంటికి తెచ్చింది. ఆ పిల్ల విలువిద్య నేర్చుకుంటోందని తెలుసుగానీ, విల్లు అంటే ఒక కర్ర, ఒక తాడు అన్న పాత అభిప్రాయంలోనే ఉన్నాను. పెట్టె తెరిస్తే సైకిలు మరమ్మతు దుకాణం సగం అందులో ఉంది. పైనొక చక్రం, కిందొక చక్రం, వాటి మధ్య అటూ ఇటూ పోయే తాళ్ళు, ఒక తాడు మధ్యలో గురి చూడడానికి చిన్న కంత. కాంపౌండ్ బో అంటారట. తాడును వేళ్ళతో పట్టుకోరు. మణికట్టుకు ఒక కొక్కెం కట్టుకుని దాంతో లాగుతారు, మీట మెల్లగా ఒత్తితే తాడు తనంతట తనే జారిపోతుంది. ఆ పిల్ల తాడుకు మైనం రాస్తూ, గోటితో పొడుగునా తడుముతూ నాకు పాఠం చెప్పింది. "ఇదిగో, ఇక్కడ పీచు లేచిందనుకో తాతా, ఇంక నమ్మకూడదు, మార్చేయాలి. బాణం పెట్టకుండా ఉత్తినే లాగి వదలకూడదు, విల్లు పగిలి మొహానికి కొడుతుంది." చక్రాలు తీసేస్తే, ఈ మాటలన్నీ నేను వేరే గొంతులో విన్నవే. అంతలో కోడలు కుంకుమభరిణె పట్టుకుని వచ్చింది, ఆయుధపూజ కదా అని. వేలు కుంకుమలో అద్ది తాడు వైపు చాచింది. నేను ఆ చేయి పట్టుకున్నాను. కోడలి చేయి పట్టుకోవడం మా ఇళ్ళలో లేని మర్యాద.  "చక్రానికి పెట్టమ్మా, తాడుకు వద్దు" అన్నాను. ఎందుకని మేఘన అడిగింది. పండగపూట సగమే చెప్పాను. పండగకు పనికిరాని మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు కేతేపల్లి పక్కన. ఎర్రచెలకలు, వాటి నిండా రాళ్ళు, రాళ్ళ మధ్య వీలు చూసుకుని మొలిచే జొన్న. ఆ రోజుల్లో మేం తినేది జొన్నరొట్టె, జొన్నగటక. వరి అన్నం పండగకు, లేదా జ్వరం వచ్చి తగ్గినప్పుడు. కాబట్టి కంకి పాలుపోసుకునే వేళకు గుంపులుగా దిగే చిలుకలు మాకు అందమైన పక్షులుగా ఎన్నడూ కనిపించలేదు. అవి కంకిమీద కాదు, మా కంచం అంచుమీద వాలినట్టుండేది. వాటిమీద మా ఇంటి తరఫున యుద్ధం చేసేవాడు మా చిన్నాయిన సత్తయ్య, అంటే మా నాయిన తమ్ముడు. నాయిన ఎద్దుల్నీ నేలనూ చూసుకుంటే చిన్నాయిన ఆకాశాన్ని చూసుకునేవాడు. చేను మధ్య మంచె మీద నిలబడి, తెల్లవారినప్పటినుంచి ఎండ ముదిరేదాకా, మళ్ళీ పొద్దు వాలేవేళ, ఆయన చేతిలో గులేరు ఉండేది.

గులేరంటే ఇప్పటివాళ్ళు రబ్బరు కట్టిన పంగలకర్ర అనుకుంటారు. మాది విల్లు. వెదురుబద్దను చెక్కి, ఆముదం పట్టించి, పొయ్యి సెగకు వంచి చేసిన విల్లు. దానికి ఒక తాడు కాదు, పక్కపక్కన రెండు. రెండూ కలిసిపోకుండా పైనొకటి, కిందొకటి వేలెడు పుల్లలు అడ్డంగా పెట్టి కట్టేవాళ్ళు. నడుమ రెండు తాళ్ళకూ కలిపి చిన్న తోలుముక్క. బాణానికి బదులు ఆ తోలులో మట్టి ఉండను పెట్టి లాగాలి. ఆ ఉండలు చేయడం ఆడవాళ్ళ పని. చెరువుమట్టిని తడిపి, పిసికి, మధ్యాహ్నం వసారాలో మా అవ్వ, అమ్మ ఎదురెదురుగా కూర్చుని చేసేవాళ్ళు. మా నాయినమ్మను ఇంట్లో అందరం అవ్వ అనే పిలిచేవాళ్ళం, ఆమె కొడుకులతో సహా. అవ్వ చేసిన ఉండలన్నీ ఒకే సైజు. అమ్మవి కొంచెం అటూ ఇటూ ఉంటే, "గిది చిలుకకా, బర్రెకా?" అని పక్కన పడేసేది. ఎండిన ఉండల్ని పొయ్యి బూడిదలో కాల్చేవాళ్ళు. తడిమట్టి, ఆముదం, కాలిన పిడక, ఇవన్నీ కలిసిన ఒక వాసన మా ఇంటికి ఉండేది. పట్నంలో కాలేజీ చదువుకు వెళ్ళాక నా బట్టల్లోంచి అది పోవడానికి చాలా రోజులు పట్టిందని తోటి విద్యార్థులు నాకు పదేపదే చెప్పేవాళ్ళు.

చిన్నాయినకు అణకువ అనేది తెలియదు. తన గురి గురించి ఆయన చెప్పే మాటల్లో సగం తీసేసినా మిగతా సగం ఎక్కువే. ఎగిరే చిలుకకు ఏ ఈక ఊడాలో ముందే చెప్పి కొడతాననేవాడు. చెప్పడం మేం విన్నాం. ఊడిన ఈక అదేనా కాదా అని చిలుకను అడిగే వీలు లేదు. కానీ తాడు విషయంలో మాత్రం ఆయనది కోతలు కాదు, చాదస్తం. జనుపనారను తనే పేని, తేనెపట్టు మైనం రాసి, తొడమీద రుద్ది రుద్ది తాడు చేసేవాడు. పొద్దుటే మొహం కడుక్కోకముందు విల్లును దింపి, తాళ్ళను ఈ చివరినుంచి ఆ చివరిదాకా బొటనవేలి గోటితో గీరేవాడు. ఎక్కడైనా పీచు లేస్తే గోటికి తగిలేది. తగిలిందంటే ఆ తాడు ఇంక ఎద్దు మెడకే. ముసురు పట్టినప్పుడు తాడు సాగుతుందని మళ్ళీ మెలిపెట్టేవాడు, ఎండకు పెళుసెక్కుతుందని మైనం రాసేవాడు. ఉండ ఒక పక్కకే పోతుంటే తప్పు చేతిది కాదనీ, రెండు తాళ్ళలో ఒకటి వదులైందనీ వెంటనే చెప్పేవాడు. పొద్దుగూకగానే తాడు విడిచి, విల్లును తిన్నగా చేసి గూట్లో పెట్టేవాడు. ఎక్కుపెట్టిన విల్లును రాత్రంతా ఉంచేవాడంటే ఆయనకు అసహ్యం. "దినమంత పనిజేసినోడు రాత్రి పండుకోవద్దా? ఇది సుత గంతే" అనేవాడు.

సెలవులకు వచ్చినప్పుడు నాకూ నేర్పాలని ఆయన పట్టుదల. నన్ను "కాలేజీ" అని పిలిచేవాడు.

"అరే కాలేజీ, గుంజుడు ఎవలన్న గుంజుతరు. ఇడుసుడు నేర్చుకోవాలె. ఉండ మీద రెండు వేళ్ళే ఉండాలె. ఇడిసేటప్పుడు ఎడమచెయ్యి మణికట్టు గిట్ల బయటికి తిప్పాలె. తిప్పకపోతివో, ఉండ సక్కగ పోయి నీ బొటనయేలు మీదనే వడ్తది."

"తిప్పితే?"

"తిప్పితే చిలుకకు వడ్తది. లేకుంటే అట్లనే పోతది. ఏలు మాత్రం ఉంటది."

నేను తిప్పేవాణ్ణి. ఎప్పుడూ వదిలిన తర్వాత తిప్పేవాణ్ణి. నా ఎడమ బొటనవేలి గోరు నల్లబడి, ఊడి, కొత్తది వచ్చి, అదీ నల్లబడింది. ఒకసారి ఉండ పెట్టకుండా ఉత్తినే లాగి వదలబోతే, చిన్నాయిన మంచె మీదనుంచి దూకి నా చెంప మీద కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. "ఉత్తగ ఇడిస్తె ఆ బలమంత ఏడికి పోతదిరా? వాపసు నీ మీదికే వస్తది" అన్నాడు. దాని గురించి కాలేజీలో నాకు ఇంగ్లీషులో చెప్పారుగానీ, చెంపకు ఆనేలా చెప్పలేదు.

ఆ యేడు చిన్నాయినకు లగ్గం కుదిరింది. పిల్లది కొల్లాపూర్ దిక్కు. వాళ్ళ మనుషులు వచ్చి చేను చూశారు, ఎద్దుల్ని చూశారు, చిన్నాయిన మంచె మీదనుంచి చిలుకను కొట్టడం చూశారు. పెళ్ళికూతురి తండ్రి మెచ్చుకోలుగా "పిలగాని కన్ను మంచిది" అన్నాడు. మాఘంలో ముహూర్తం అనుకున్నారు. ఇంట్లో ఆ సంతోషం ఎక్కువగా కనిపించింది అవ్వలో. తాత చనిపోయాక ఆమె ఇంట్లో జరగబోతున్న మొదటి శుభకార్యం అది. విధవరాలు కనుక తను కుంకుమ ముట్టదు, పేరంటాల్లో ముందుకు రాదు. కానీ ఏ బొట్టు ఎక్కడ పెట్టాలో, ఏ దీపం ఎటు తిప్పాలో వసారాలో కూర్చునే నడిపించేది. అమ్మ చేతులు, అవ్వ నోరు, రెండూ కలిస్తే మా ఇంట్లో ఒక మనిషి.

ప్రతి యేడూ దసరాకు గులేరును నాగలి, కొడవలి, గొడ్డలితోపాటు దేవుని గూటి ముందు పెట్టి పూజ చేసేవాళ్ళం. తాడు విడిచిన విల్లు, కర్రకు బొట్టు, ఒక్క రోజు. ఆ యేడు బతుకమ్మలు ఆడుతుండగానే అవ్వ విల్లును ముందుగా అడిగింది, దశమిదాకా దేవుని దగ్గరే ఉండాలని. చిన్నాయిన తాడు విడిచి తెచ్చి ఇచ్చాడు. అవ్వ చూసి మొహం చిట్లించింది.

"గిట్లనా పెట్టేది? తాడు ఎక్కియ్యి."

"ఎక్కిచ్చి పెడ్తె గుంజుకపోతదవ్వా. గన్ని దినాలు ఆగది."

"లగ్గం కుదిరిన ఇల్లు. దేవుని ముంగట ఇడిసిన విల్లును పండవెడ్తవా? పీనుగు లెక్క?"

"ఏండ్లసంది గట్లనే పెడ్తున్నం గద."

"ఏండ్లసంది నీకు లగ్గమున్నదారా?"

చిన్నాయిన నాయిన వైపు చూశాడు. నాయిన ఎద్దుల వైపు చూశాడు. "నువ్వన్న చెప్పు వదినె" అన్నాడు అమ్మతో. అమ్మ ఏదో అనబోయి, అవ్వ మొహం చూసి చెంగుతో చేతులు తుడుచుకుంది. చిన్నాయిన మోకాలు ఆనించి విల్లు వంచి తాడు ఎక్కించాడు. అవ్వ సంతోషించి, అమ్మకు పురమాయించింది: "తాళ్ళకు సుత బొట్లు వెట్టు పిల్లా. పానమంత తాళ్ళనే ఉన్నది."

అమ్మ పసుపునీళ్ళు చల్లి, రెండు తాళ్ళకూ కుంకుమ తడిపి బొట్లు పెట్టింది. పక్కన అఖండదీపం. రోజూ పొద్దున పాత బొట్టు మీద కొత్త బొట్టు, మళ్ళీ పసుపునీళ్ళు. రోజంతా, రాత్రంతా దీపం సెగ. తడవడం, ఎండడం, బిగిసి ఉండడం. ఆ నాలుగు రోజులూ చిన్నాయిన చేలో వడిసెల తిప్పి, డబ్బా కొట్టి, నోటితో అరిచి చిలుకల్ని తోలాడు. భోజనానికి వచ్చినప్పుడల్లా గూటి వైపు చూసి కంచం ముందు కూర్చునేవాడు.

దసరా అయిన మర్నాడు పొద్దున చిన్నాయిన విల్లును తీసుకున్నాడు. అలవాటు ప్రకారం వసారా అంచున కూర్చుని తాడును గోటితో గీరడం మొదలుపెట్టాడు. నేను పక్కనే పళ్ళు తోముకుంటున్నాను. గోరు బొట్టు దాకా వచ్చింది. లోపలినుంచి అవ్వ.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"సూస్తున్న."

"బొట్టు గీరుతవా? దేవుని బొట్టు. రాలితే అదే రాలాలె. చెరుపకు."

చిన్నాయిన గోరు ఎత్తాడు. బొట్టు దాటించి అవతల పెట్టాడు. మళ్ళీ గీరుకుంటూ పోయాడు. బొట్టు వచ్చిన ప్రతిచోటా గోరు అలాగే ఎగిరి అవతలికి దూకింది, వాకిట్లో ముగ్గు తొక్కకుండా నడిచే మనిషి కాలిలాగా. మిగతా తాడంతా బాగానే ఉందని చెప్పాడు. అది నిజమే. మిగతా తాడంతా బాగానే ఉంది.

మా చేను పక్కనే ఈరమ్మ చేను. మా ఎదురింటి ఆమె కూడా. భర్త పోయి, పిల్లలు లేక, ఒక్కతే ఎద్దులు కట్టి దున్నుకునే మనిషి. నోరు పెద్దది. ఆ పొద్దున గట్టు మీద సద్ది పట్టుకుని పోతూ మంచె మీద ఉన్న చిన్నాయినను చూసి ఆగింది.

"ఏం సత్తయ్యా, లగ్గం పిలగానివైనంక కండ్లు మస్తు మెరుస్తున్నయి!"

"నీ చేన్ల చిలుకలను సుత నేనే కొట్టాలె ఈరక్కా. కండ్లు మెరువకుంటే ఎట్ల?"

"కొట్టు మల్ల. మాటలు చిలుకలకు తాకుతయా?"

చిన్నాయిన నవ్వుతూ ఉండ పెట్టి, చెంపదాకా లాగాడు. నేను కింద నిలబడి ఆయన మణికట్టు చూస్తున్నాను, ఎప్పుడు తిప్పుతాడో ఈసారైనా పట్టుకుందామని. తిప్పలేదు. వదలనే లేదు. పైన, పుల్ల కట్టిన చోటికి కొంచెం కింద, ఎండుకట్టె విరిచినంత చప్పుడు. రెండు తాళ్ళూ ఒకేసారి తెగాయి. అడ్డపుల్ల తెగిన తాళ్ళతో గిరుక్కున తిరిగి వెనక్కు వచ్చింది. చిన్నాయిన విల్లును కింద పడేయలేదు. జాగ్రత్తగా మంచె మీద పెట్టి, కూర్చుని, రెండు చేతులూ మొహానికి పెట్టుకున్నాడు. వేళ్ళ మధ్యనుంచి కారింది ఎర్రగా మాత్రమే లేదు.

మంచె నాకంటే ముందు ఎక్కింది ఈరమ్మ. సద్ది గట్టు మీదే ఒలికిపోయింది. తన చీర చెంగు పర్రున చించి ఆయన తల చుట్టూ కట్టింది. "చెయ్యి తియ్యకు బిడ్డా, చెయ్యి తియ్యకు" అంటూ దింపింది. ఆమె బండిమీదే, ఆమె ఎద్దులతోనే సడకు దాకా తెచ్చాం. బస్సు కోసం నిలబడ్డప్పుడు చిన్నాయిన నన్ను ఒకే మాట అడిగాడు. "చేన్ల ఎవలున్నరు?" ఎవరూ లేరు. చిలుకలు ఉన్నాయి.

పట్నంలో పెద్ద దవాఖానలో డాక్టరు మంచివాడు. చూడవలసినంత సేపు చూశాడు. కుడికన్ను గురించి ఇంక ఆలోచించవద్దనీ, ఎడమకన్నును కాపాడుకోవాలనీ చెప్పాడు. "అంటే దాని ఫికర్ లేదన్నట్టే గద డాక్టర్ సాబ్" అన్నాడు చిన్నాయిన. డాక్టరు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. నాకూ తెలియలేదు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి అవ్వ తేల్చేసింది. దిష్టి. ఈరమ్మ దిష్టి. కండ్లు మెరుస్తున్నాయని అన్నదా లేదా? అన్న మరుక్షణం తాడు తెగిందా లేదా? అన్నదని చెప్పింది నేనే. ఏం జరిగిందని అడిగితే, జరిగింది వరసగా చెప్పాను. వరసలో ఈరమ్మ మాట ముందు, తాడు తెగడం తర్వాత వచ్చాయి. అవ్వకు ఆ వరస చాలు. వాకిట్లో నిలబడి ఎదురింటికి వినిపించేలా తిట్టింది. ఈరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి మొత్తం విన్నది. చెంగు చిరిగిన చీరే ఇంకా కట్టుకుని ఉంది.  అంత పెద్ద నోరు గల మనిషి అలా ఊరుకోవడం చూసి, ఊరికి కూడా నమ్మకం కుదిరింది.

కొల్లాపూర్ దిక్కువాళ్ళు పరామర్శకు వచ్చారు. పెళ్ళికూతురి తండ్రి చిన్నాయిన చేయి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. భోజనం చేశాడు, మజ్జిగ బాగుందన్నాడు. ఆ తర్వాత, పిల్లకు ఇప్పుడే చేయబోవడం లేదని కబురు వచ్చింది. ఆ మాఘంలోనే చేశారని మరో కబురు వచ్చింది.  తర్వాత ఎవరు సంబంధం మాట ఎత్తినా చిన్నాయిన, "ఒక్క కన్నుతోటి పిల్లను సగమే సూస్త, మిగిలిన సగం ఎట్లుంటదో ఏమో" అని నవ్వించి తప్పించుకునేవాడు. తప్పించుకుంటూనే ముసలివాడయ్యాడు.

నేను కాలేజీకి తిరిగి వెళ్ళే రోజు, ఆయన గూట్లోంచి తెగిన తాడు తీసి నా చేతిలో పెట్టాడు. "సూడు" అన్నాడు. చూశాను. నార మంచిదే, మైనం బాగానే పట్టి ఉంది. తెగిన కొస దగ్గర మాత్రం మైనం లేదు. అక్కడ నార కుంకుమరంగులో పొడిపొడిగా, వేళ్ళ మధ్య నలిపితే రాలిపోయేలా ఉంది. రెండో తాడుకూ అంతే, అదే చోట.

"అవ్వకు చెప్పినవా?" అన్నాను.

"చెప్పి? కన్ను వస్తదా? ఆమె పానం పోతది. వదినె సుత సూసింది. మంచె మీదికెంచి విల్లు తెచ్చింది ఆమెనే. ఏమన్లే." తాడును మళ్ళీ చుట్టి గూట్లో పెట్టాడు. "నువ్వు సుత అనకు."

ఆ విధంగా మా ఇంట్లో అందరూ ఒకరినొకరు కాపాడుకున్నాం. ఆ మొత్తం కాపుదల ఖరీదు ఎదురింటి గుమ్మంలో నిలబడి ఉండేది. ఈరమ్మ పొద్దున చిన్నాయిన బయల్దేరే వేళకు లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది, ఆయనకు ఎదురు రాకూడదని. అవ్వ ప్రతి అమావాస్యకూ ఎర్రనీళ్ళు తీసి చిన్నాయినకు దిష్టి దిగదుడిచి, ఆ నీళ్ళు ఎదురింటి వైపే పారబోసేది. చిన్నాయిన కదలకుండా నిలబడి తీయించుకునేవాడు. అయితే చేలోకి వెళ్ళాక, ఊరి కళ్ళు లేని చోట, ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని సద్ది తినేవాళ్ళు. ఈ సంగతి నేను చూశాను కనుక చెబుతున్నాను. ఆమె చేను మీది చిలుకల్ని ఆయన వడిసెలతోనే తోలేవాడు. గులేరు మళ్ళీ పట్టాడుగానీ గురి తిరిగి రాలేదు. "అందరు ఒక కన్ను మూసుకొని గురి సూస్తరు, నాకు ఆ కష్టం తప్పింది" అనేవాడు. ఉండ ఎక్కడో పడేది. దూరం అంచనా పోయింది. చెంబుతో గ్లాసులోకి నీళ్ళు పోస్తే నీళ్ళు గ్లాసు పక్కన పడేవి. ఆ సమయానికి అమ్మ అక్కడే ఏదో పని కల్పించుకుని, ఆయన చూడకుండా గ్లాసును ధార కిందికి జరిపేది. ఎన్ని యేళ్ళు అలా జరిపిందో నాకు తెలియదు. దసరాకు ఆయుధాలకు బొట్లు పెట్టే పని మాత్రం, చేతులు వణుకుతున్నాయని చెప్పి, నాయినకు అప్పగించేసింది. అప్పటికి ఆమెకు వణికే వయసు కాదు.

ఇప్పుడు మేఘన తాడు మీద ఒక పీచు లేస్తే తాడు మారుస్తారు, ఎందుకు లేచిందో అందరికీ వినబడేలా చెబుతారు, ఆ పిల్ల కళ్ళకు అద్దాలు పెడతారు. మంచిదే. నా కాలం గొప్పదని నేను ఎన్నడూ అనను. ఆ రోజుల్లో తాడు పరీక్ష మాకూ తెలుసు, విడవడమూ తెలుసు. బొట్టు ఉన్నచోట గోరు ఆపకూడదన్నది మాత్రం ఎవరూ పైకి అనగలిగే మాట కాదు. ఇప్పుడు అనొచ్చు. నేను ఆ చేయి పట్టుకున్నందుకు కోడలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. అప్పుడు ఇంట్లో ఎవరైనా అవ్వ మాటకు అడ్డుపడి అలా ఒక చేయి పట్టుకుని ఉంటే ఏమయ్యేదా అని ఆలోచిస్తాను. బహుశా రెండు రోజులు ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

అవ్వ ఆ తర్వాత చాలాకాలం బతికింది. చివరి జబ్బులో నేను చూడ్డానికి వెళ్ళాను. అమ్మ ఆమె కాళ్ళు ఒత్తుతోంది. అవ్వ కళ్ళు మూసుకునే ఉంది.

"పిల్లా" అంది, "నువ్వు ఎన్నడన్న ఆ తాడు సంగతి ఎత్తుతవేమోనని సూసిన. ఎత్తలే."

అమ్మ చేతులు ఆగాయి. "ఏ తాడత్తా?"

"నాకెరుక లేదనుకున్నవా? పెట్టిపిచ్చినదాన్ని నేను. విల్లు నువ్వు ఇంటికి తెచ్చిన్నాడే సూసిన." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఈరిని అనకుంటే ఊరంత నిన్ననేది. బొట్టు వెట్టిన చెయ్యి నీది. నువ్వు పిల్లలదానివి. అదైతే ఒక్కతే."

అమ్మ మళ్ళీ కాళ్ళు ఒత్తడం మొదలుపెట్టింది. ఇంకేం చేయాలో ఆమెకు తోచినట్టు లేదు. నేను లేచి వసారాలోకి వచ్చాను. చిన్నాయిన అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లోపలి మాటలు వినబడేంత దగ్గరగానే ఉన్నాడు. "మబ్బు వడ్తాంది" అన్నాడు.

అవ్వ పోయిన పొద్దున ఊరంతా వచ్చింది. వాకిట్లో పండబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఏడుస్తున్నారు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఈరమ్మ వచ్చింది. అప్పటికి ఆమె కూడా ముసలిదైంది, నడుం వంగింది. అన్ని యేళ్ళలో మా వాకిలి తొక్కడం అదే మొదలు. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు తగ్గించి దారి ఇచ్చారు. చిన్నాయిన లేచి నిలబడ్డాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈరమ్మ అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని, మొహం వైపు తదేకంగా చూసింది. కళ్ళు దించకుండా, అలా ఎవరినీ చూడకూడదని ఊరు ఇన్నేళ్ళు నేర్పిన పద్ధతిలోనే చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ, మా అందరి వైపూ తిరిగి అంది:

"నా కన్నుకు గంత బలమే ఉంటే, గీ ముసల్ది గిన్నేండ్లు బతుకునా?"